రెండు వేల గజాల చూపు.. యాభై గజాల చావు

2025 అక్టోబర్ 17న జగదల్‌పూర్‌ల 210 మంది మావోయిస్టులు లొంగిపోయిన ముచ్చట అందరికి యాదున్నది. చేతిల గులాబీ పువ్వు, రాజ్యాంగం పుస్తకం పట్టుకొని వరుసగ నిలవడ్డరు. టీవీలోళ్లు మొఖాలు చూపెట్టిండ్రు, పేర్లు చదివిండ్రు, ఎవరి తల మీద ఎంత రివార్డున్నదో లెక్క చెప్పిండ్రు. నేను మాత్రం వాళ్లు అప్పజెప్పిన ఆయుధాల లిస్టు కాడ ఆగిపోయిన. మొత్తం 153. అండ్ల ఏకే-47లు 19, ఇన్సాస్‌లు 23, ఎస్ఎల్ఆర్‌లు 17. త్రీనాట్‌త్రీలు 36.

ముప్పై ఆరు! రైఫిళ్లల్ల అన్నిటికంటె ఎక్కువ అవే. 1907ల బ్రిటిషోడు తన ఫౌజు కోసం పట్టిన నమూనా అది. నూటపద్దెనిమిది ఏండ్లు గడిచినయి. రెండు ప్రపంచ యుద్ధాలు అయినయి, నిజాము పోయిండు, తెలంగాణ వచ్చింది. ఆ కట్టె తుపాకి మాత్రం బస్తర్ అడవిల ఇంక ఎవని భుజం మీదనో ఏలాడుతనే ఉన్నది.

అంతకు రెండు రోజుల ముందట గడ్చిరోలిల మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయిండు. ఆయనది పెద్దపల్లి. మా హుజూరాబాద్ నుంచి జమ్మికుంట మీదికెళ్లి పోతే పొద్దుగాల బయలెల్లి అన్నం యాల్లకు తిరిగొచ్చే ఊరు. ఆయన అన్న కిషన్‌జీ 2011 నవంబర్‌ల బెంగాల్ అడవిల పోలీసుల చేతుల చచ్చిపోయిండు. గందుకే ఈ లిస్టు మాకు దూరపు వార్త కాదు. మా దిక్కు ఊర్లల్ల ఒక ఇంట్ల కొడుకు కానిస్టేబుల్ అయి త్రీనాట్‌త్రీ పట్టిండు, పక్క వాడల ఇంకో కొడుకు అడవికి పోయి ఠాణాల నుంచి గుంజుకున్న అదే త్రీనాట్‌త్రీ పట్టిండు. ఇద్దరు ఒక్క బడిల చదివినోళ్లే, ఒక్క చెరువుల ఈత కొట్టినోళ్లే. ఇద్దరికి గురి నేర్పింది కూడ ఒక్క ఇనుప మొననే.

ఇయ్యాల ఆ మొన గురించి రాస్త. తుపాకి మీద మోజుతోని కాదు. మన దిక్కు తుపాకి గురించి మాట్లాడితె రెండే తీర్లుంటయి, ఒకటి భయం, ఇంకోటి పాట. ఆ వస్తువు ఏంది, దేనికోసం చేసిండ్రు, ఎవరి మీదికి తిప్పిండ్రు అని కుదురుగ చూసినోళ్లు తక్కువ.

నేను మొదటిసారి దాన్ని పట్టుకున్నది తొమ్మిదో తరగతిల, ఎన్‌సీసీల. డ్రిల్లుకిచ్చేటియి పాత త్రీనాట్‌త్రీలే. గొట్టానికి బొక్క పొడిచి పనికిరాకుంట చేసినయి. నాలుగు కిలోల బరువు. పదిహేనేండ్ల పోరగాని భుజం మీద గంటసేపు ఉంటే బొక్క నొస్తది. కాల్చనిచ్చేది మాత్రం పాయింట్ టూటూ, చిన్న తూటది. ఫైరింగ్ అన్నరంటె రాత్రి నిద్ర పట్టకపోయేది. పొద్దుగాల పోయి బోర్ల పండుకుంటె, ఉత్తరాది హవల్దార్ ఉస్తాద్ ఎనుక నిలవడి "శిస్త్ లో" అని ఒర్లేది. నాకు అర్థం కాలే. మా నాయిన నోట్ల శిస్తు అంటే తహసీల్ల కట్టే భూమి పన్ను. ఈయనకు నేనెందుకు శిస్తు కట్టాలె అనుకున్న. హిందీల శిస్త్ అంటే గురి పట్టుడని పక్కన పండుకున్నోడు చెప్పిండు. ఎన్ని ఏండ్లయినా ఆ రెండు మాటలు నా తలకాయల ఒక్కకాడనే ఉన్నయి. తుపాకి గురి పట్టినోనికే శిస్తు వసూలయ్యే రాజ్యంల పుట్టినోళ్లం గదా.

ఉస్తాద్ చెప్పిన ముచ్చట ఒకటి ఇప్పటికి మరువలే. పాత రైఫిల్‌కు దుర్బిణి ఉండది. ఎనుక ఒక గాడి, ముందట ఒక మొన, గంతే. కన్ను ఎనుక గాడిని చూడాలె, ముందటి మొనను చూడాలె, అటెనుక నిశాన్‌ను చూడాలె. మూడు మూడు దూరాలల్ల ఉన్నయి. మనిషి కన్ను ఒక్కసారి ఒక్క దూరాన్నే సాఫుగ చూస్తది. మరి దేన్ని చూడాలె? పోరగాళ్లందరు నిశాన్‌నే చూస్తరు, ఎందుకంటె కొట్టాల్సింది దాన్ని గదా అనుకుంటరు. తప్పు. ముందటి మొనను సాఫుగ చూడాలె, నిశాన్ మబ్బుమబ్బుగ కనపడ్డా పరవాలేదు. కొట్టేదాని మీద కాదు, నీ చేతిలున్న దాని మీద నిగా పెట్టాలన్నట్టు. నా అయిదు తూటల్ల మూడు కాగితం మీద పడ్డయి, రెండు మన్నుల పోయినయి. ఉస్తాద్ తిట్టలే. మూడు బొక్కలు అరచేయిల పట్టేంత దగ్గర ఉన్నయని చూపెట్టి, "నిశాన్ తర్వాత, ముందుగాల గుంపు కుదరాలె" అన్నడు. తూటలన్ని ఒక్క జాగల పడుడును వాళ్లు గ్రూపింగ్ అంటరు. ఒక్క జాగల పడితె తప్పు మొనదో గాడిదో, సరిచెయ్యొచ్చు. చెల్లాచెదరుగ పడితె తప్పు మనిషిది.

పాతిక గజాల ముచ్చట అది. వెయ్యి గజాల కాడ వేరే లోకం. త్రీనాట్‌త్రీ మీద ఎనుక గాడికి ఒక పట్టీ ఉంటది, దాని మీద అంకెలు చెక్కి ఉంటయి. రెండు వందల నుంచి మొదలయి రెండు వేల గజాల దాంక. గజాలంటె మీటర్ కంటె జర తక్కువ. రెండు వేల గజాలంటె దగ్గరదగ్గర రెండు కిలోమీటర్లు! ఇయ్యాల గా రైఫిల్ పట్టుకొని ఊరి బొడ్రాయి కాడ నిలవడితె, పొలిమేర అవుతల ఊరి మనిషి మీదికి అంకె పెట్టొచ్చన్నట్టు.

పెట్టొచ్చు, తగుల్తదా అన్నది వేరే ప్రశ్న. లెక్క చూడుండ్రి. తూట గొట్టంల నుంచి సెకండుకు 740 మీటర్ల పైన ఉరుకుడుతోని బయటికొస్తది. వెయ్యి గజాలు పోవడానికి దానికి రెండు సెకండ్ల దాపు పడుతది. ఆ రెండు సెకండ్లల్ల అది నలభై అడుగులకు పైగ కిందికి జారుతది, గందుకే పట్టీ లేపి గొట్టాన్ని మీదికి ఎత్తాలె. గంటకు పదహారు కిలోమీటర్ల పక్కగాలి, అంటె పత్తి చేన్ల ఆకులు కదిలే మామూలు గాలి, తూటను పది అడుగుల దాంక పక్కకు నెడుతది. ముందటి మొన ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగితె అక్కడ తూట ఒక మనిషి ఎత్తంత పక్కకు పోతది. ఆ దూరాన మొన ఎనుక ముగ్గురు మనుషులు పక్కపక్కన నిలవడ్డా మొననే కమ్ముకుంటది, మనిషి కనపడడు. మా దిక్కు మే నెల ఎండకైతె ఇంకోటి తోడైతది, ఎండమావి. నిశాన్ నీళ్లల్ల ఉన్నట్టు ఊగుతది. ఆ ఊగుడు ఎటు పారుతాందో చూసి గాలి ఎటున్నదో చెప్తరు పనిమంతులు.

ఈ విద్యల సగం గాలి చదువుడే. గాలి చదువుడు మనకు కొత్తనా? కల్లంల స్టూలు మీద నిలవడి చాటతోని తూర్పార పట్టిన మా అవ్వకు గాలి తెల్వదా? గింజ యాడ పడాలె, పొట్టు యాడ పడాలె అని చెయ్యి ఎత్తు మార్చి మార్చి పోసేది. ఒక్కసారి గాలి తిరిగితె చేయి ఆగిపోయేది. మంచె మీద కూసొని వడిసెలతోని జొన్న చేన్ల పిట్టలు కొట్టినోనికి దూరం తెల్వదా? రజాకార్ల మీదికి మన ఊర్లు మొదలు ఎత్తింది గా వడిసెలలే, తర్వాతనే బర్మార్లు, ఆ తర్వాత గుంజుకున్న రైఫిళ్లు. ఇనుప మొన గురికి కావాల్సింది పైసలు కాదు, ఓపిక. గందుకే పేదోళ్లు దీంట్ల ఎప్పుడు ఎనుకకు లేరు. 1939-40ల ఫిన్లాండ్‌ల సిమో హాయ్‌హా అనే ఒక రైతు దుర్బిణి లేని రైఫిల్‌తోనే రష్యా ఫౌజును ఆపిన కథ లోకమంత చెప్పుకుంటది. దుర్బిణి పెడితె తలకాయ మీదికి లేపాలె, అద్దం మెరిస్తె దొరికిపోతం, చలికి అద్దం మంచు పడుతదని ఆయన వద్దన్నడు.

ఇగ అసలు సంగతికి వస్త. రెండు వేల గజాలల్ల ఒక్క మనిషి తగలడని ఆ రైఫిల్ చేసినోళ్లకు తెల్వదా? మంచిగ తెలుసు. ఆ అంకె ఒక్కని కోసం కాదు. వంద మంది సిపాయిలు ఒక్క హుకుంకు ఒక్కసారి కాలిస్తె, దూరాన ఉన్న గుంపు మీద తూటల వాన పడుతది. ఎవనికి ఏది తగిలిందో ఎవ్వనికి తెల్వది. గట్ల కాల్చేదానికే ఆ పట్టీ. మొదట్ల వచ్చిన వాటికైతె గొట్టం పక్కన ఇంకో పట్టీ పెట్టి 2,800 గజాల దాంక అంకెలు వేసిండ్రు. అంటె ఈ తుపాకి కడుపుల రెండు గుణాలున్నయి. ఒకటి ఒక్క మనిషి ఓపికతోని నేర్చుకునే సన్నని గురి. ఇంకోటి గుంపు మీద ముతక కాల్పు.

మన దేశానికి దక్కింది రెండోది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌ల డయ్యర్ యాభై మంది రైఫిల్ సిపాయిలను నిలవెట్టి పది నిమిషాలు కాల్పించిండు. 1,650 తూటలు, అన్ని త్రీనాట్‌త్రీలే. సర్కారు ఒప్పుకున్న లెక్కనే 379 మంది సచ్చిండ్రు. రెండు వేల గజాల రైఫిల్‌ను నాలుగు గోడల నడుమ కాల్చిండ్రు. ఆ దగ్గరల గా తూట ఒక్క ఒంట్ల ఆగది. ఒకన్ని దాటి ఇంకొకనికి తగుల్తది.

విచిత్రం చూడుండ్రి, పోలీసుకు ఇది పనికిరాదని బ్రిటిషోనికే తెలుసు. ఈషాపూర్ ఫ్యాక్టరీల త్రీనాట్‌త్రీల గొట్టం లోపలి గీతలు చెక్కేసి, నున్నగ చేసి, ఒక్కసారి ఒక్క తూటనే పట్టేటట్టు మార్చి, మస్కెట్ అని పేరు పెట్టి పోలీసులకు, జైలు కాపలాదార్లకు ఇచ్చిండు. దూరం పోదు, ఫౌజు తూట దాంట్ల పట్టది. జనం మీద ప్రేమతోని కాదు, దేశీ సిపాయి మీద నమ్మకం లేక. కారణం ఏదైతేంది, ఫౌజు తుపాకి వేరు, పోలీసు తుపాకి వేరు అన్న తెలివి తెల్లోనికి ఉన్నది. స్వతంత్రం వచ్చినంక మనోళ్లకు ఆ తెలివి పోయింది. 1962 చైనా యుద్ధంల మన జవాన్లు త్రీనాట్‌త్రీలతోనే కొట్లాడిండ్రు. ఆ తర్వాత ఫౌజుకు ఎస్ఎల్ఆర్ వచ్చింది. ఫౌజు ఇడిచిన త్రీనాట్‌త్రీలు యాడికి పోయినయి? ఠాణాలకు. పెద్దోని పాత అంగీ చిన్నోనికి తొడిగినట్టు. పట్టీ మీద రెండు వేల గజాల అంకె అట్లనే ఉన్నది, ఎదురుంగ ఉన్నది మాత్రం యాభై గజాల దూరంల రైతులు, ఆదివాసులు, స్టూడెంట్లు.

1981 ఏప్రిల్ 20. ఇంద్రవెల్లి. సోమవారం అంగడి. భూముల కోసం మీటింగు పెట్టుకున్న గోండుల మీద కాల్పులు. ఆ కాలంల మన పోలీసు బలగాల చేతుల మామూలుగ కనపడే రైఫిల్ గిదే. సర్కారు లెక్క 13. గూడాలల్ల చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. నలభై ఏండ్ల పైన అక్కడ స్తూపం కాడ దండం పెట్టుకోవాలన్నా పోలీసోళ్ల పహారానే. 2024 ఫిబ్రవరిల ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్మృతివనానికి పునాదిరాయి వేసిండు, మంచిదే. కానీ ఒక్క ప్రశ్నకు ఇప్పటి దాంక ఏ సర్కారు జవాబు చెప్పలే. ఎన్ని తూటలు కాల్చిండ్రు? ఒక్కో తూటకు లెక్కుండాలె గదా, ఠాణా రిజిస్టర్ల రాయకుంట ఒక్క ఖాళీ గొట్టం సుత బయటికి పోదంటరు. ఎన్‌సీసీల మాకు అయిదు తూటలిచ్చి అయిదు ఖాళీ గొట్టాలు లెక్కపెట్టి తీసుకున్నరు. ఒకటి గడ్డిల పడితె దొరికేదాంక ఇంటికి పోనియ్యలే. పిల్లగాని కాడ గంత లెక్క, ఇంద్రవెల్లి కాడ లెక్క లేకపాయె.

"గాలిలకు కాల్చినం" అన్న మాట సుత ఇనే ఉంటరు. మనం దాన్ని దయ అనుకుంటం. త్రీనాట్‌త్రీ తూట మీదికి పోతె మూడు కిలోమీటర్ల దూరంల పడొచ్చు. చేన్ల కలుపు తీసే ఆడామె నెత్తి మీద పడితె అది ఎవని లెక్కల రాస్తరు? గుంపు నెత్తుల మీదికెళ్లి కాల్చొద్దని పోలీసు నియమావళులే చెప్తయి. గుంపును చెదరగొట్టుడు గురించి పాత చట్టంల 129 సెక్షన్ ఉండె, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌ల 148 అయింది. నంబర్ మారింది. కొట్టే చేయికి ఇచ్చే శిక్షణ మారిందా అన్నదే అడగాల్సింది. 2000ల బషీర్‌బాగ్‌ల, 2007ల ముదిగొండల కాల్పుల తర్వాత కమిషన్లు వేసిండ్రు, కాగితాలు పేర్చిండ్రు.

కానిస్టేబుల్ పక్కన నిలవడి సుత ఒక మాట చెప్పాలె. వాడు మన పోరడే. ఆరు నెలలు గ్రౌండ్ల ఉరికి, కోచింగుకు అప్పు తెచ్చి కొలువు కొట్టినోడు. 1995లనే కేంద్ర హోంశాఖ త్రీనాట్‌త్రీ పాతపడ్డదని తేల్చింది. అయినా ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి సలాం కొట్టి సాగనంపింది 2020 జనవరి 26 పరేడ్‌ల. పాతికేండ్లు! నడుమ 2008ల ముంబయి స్టేషన్‌ల ఏకే-47ల ముందట రైల్వే కానిస్టేబుళ్లు గా పాత కట్టెతోనే నిలవడ్డరు. ఒక్కో తూటకు బోల్టు గుంజి మళ్ల తోసే లోపల అవుతలోడు పది కాలుస్తడు. వాళ్ల ధైర్యానికి దండం, వాళ్ల చేతికి గది ఇచ్చినోళ్లకు ఏం పెట్టాలె? పనికిరాని తుపాకి ఇచ్చి టెర్రరిస్టు ముందట నిలవెట్టుడు, పనికిమించిన తుపాకి ఇచ్చి రైతు ముందట నిలవెట్టుడు. రెండు పాపాలు ఒక్క సర్కారువే, ఒక్క తుపాకితోనే చేసింది.

ఇదంత రాస్తాన్నని తెలిసి మా దోస్తు ఒకాయన, పౌరహక్కుల పనిల తల నెరిసిన మనిషి, ఫోన్ చేసిండు. "అన్నా, మన జిల్లాల తుపాకి ఊసు తీస్తె తల్లులు ఏడుస్తరు. నువ్వు గురి, గాలి, ఎండమావి అనుకుంట దాన్ని విద్య లెక్క రాస్తివి. ఇది మనకు అవసరమా?" అన్నడు.

అవసరమే తమ్మీ అన్న. ఎందుకంటె ఇదే తుపాకి వేరే జాగలల్ల విద్యగనే బతుకుతాంది. ఇంగ్లండ్‌ల బిస్లీ అనే జాగల ఏటేటా రాజు పేరు మీద పోటీ పెడుతరు. 1860ల మొదలయింది. వెయ్యి గజాల దాంక కాల్చాలె, దుర్బిణి ఉండది. 1930ల ఆ పోటీ గెలిచింది మార్జరీ ఫోస్టర్ అనే ఆడామె. కోళ్ల ఫారం నడుపుకునే మనిషి. వందల మంది ఫౌజు మగోళ్లను వెనుకకు పెట్టి త్రీనాట్‌త్రీతోని గెలిచింది. తొంభై ఏండ్ల పైన అయింది. మన హుజూరాబాద్‌ల కోళ్ల ఫారం నడిపే అక్కకు ఇయ్యాల సుత గది కలల కూడ రాదు.

కెనడా ముచ్చట ఇంకా చిత్రం. ఉత్తర ధ్రువం అంచుల ఉండే ఇనూయిట్ ఆదివాసులను రేంజర్లని పేరు పెట్టి సర్కారే భర్తీ చేసుకున్నది, చేతికి త్రీనాట్‌త్రీలు ఇచ్చింది. డెబ్భై ఏండ్ల దాంక గవే. గంత చలికి కొత్త తుపాకులు మొరాయిస్తె కట్టె తుపాకి మొరాయించలే. తెల్ల ఎలుగుబంటి వస్తె కాపాడేది గదే. ఆదివాసి చేతుల తుపాకి ఉంటె అక్కడ సర్కారుకు భయం కాలే, కాపలా అయింది. ఇక్కడ 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీము పడిపోయిన్నాటి సంది గోండు గుడిసెల తాతల నాటి బర్మారు దొరికితె కేసే. సరె, తుపాకి ఎవ్వని ఇంట్ల వద్దన్న రూలైతె అందరికుండాలె. కర్ణాటకల కొడగు కొడవలకు లైసెన్సు లేకుంట తుపాకి పెట్టుకునే మినహాయింపు బ్రిటిషోని కాలం నుంచి ఉన్నది, 2019ల కేంద్రం దాన్ని 2029 దాంక పొడిగించింది. వాళ్లది సంప్రదాయమట. మనోళ్లది నేరమట. కొడవల మీద నాకు కోపం లేదు. ఎవరిని నమ్ముతరు, ఎవరిని నమ్మరు అన్నది తుపాకి లైసెన్సుల తెలిసినంత సాఫుగ ఇంకెక్కడ తెల్వది.

నేను ఇంటింటికి తుపాకి అడుగుతలేను. ఇంట్ల తుపాకి ఉంటె ముందుగాల చచ్చేది ఇంట్ల ఆడామెనే. నేను అడిగేది తాళమేసిన గదిల తుపాకి ఉండే, ఉస్తాద్ ఉండే, తూటకు లెక్కుండే రేంజి. 2024 ఆగస్టు 1న పారిస్‌ల యాభై మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీల కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే యాడోడు? కొల్హాపూర్ జిల్లా కంబల్‌వాడి అనే పల్లెటూరోడు, అప్పుడు రైల్వేల టికెట్లు చూసే కొలువు. ఆ పోటీల సుత దుర్బిణి ఉండది, ఎనుక ఒక రంధ్రం, ముందట ఒక వలయం. మా ఉస్తాద్ చెప్పిన సూత్రమే. నిలవడి, మోకాలు మీద కూసొని, బోర్ల పండుకొని కాల్చాలె. వాన్ని పట్టుకొచ్చింది మహారాష్ట్ర సర్కారు క్రీడా ప్రబోధిని. పిల్లగాండ్లను ఊర్లల్లకెళ్లి ఏరుకొచ్చి నేర్పే స్కీము. పల్లెటూరి పోరనికి గురి ఉండుడు వింత కాదు, ఆ గురికి సర్కారు జాగ ఇచ్చుడే వింత.

మన దగ్గర పెద్ద రేంజి గచ్చిబౌలిల ఉన్నది, 2002 జాతీయ క్రీడలకు కట్టింది. హుజూరాబాద్ నుంచి నూటయాభై కిలోమీటర్ల పైన. సిర్పూర్ పోరి అయితె ఇంకెంత దూరమో మీరే చూసుకోండ్రి. హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012 లండన్‌ల కాంస్యం తెచ్చిండు, ఈషా సింగ్ పారిస్ దాంక పోయింది. సంతోషమే, ఇద్దరిది పట్నమే. ఉత్తర తెలంగాణల కరీంనగర్‌ల స్పోర్ట్స్ స్కూల్ ఉన్నది, ఆదిలాబాద్‌ల ఉన్నది. కరీంనగర్‌ల పోలీసు ట్రైనింగ్ కాలేజీ ఉన్నది. ఎన్‌సీసీ ఉన్నది. ఇగ యంగ్ ఇండియా పేరు మీద స్పోర్ట్స్ యూనివర్సిటీ అంటాండ్రు. ఇవన్ని ఒక్క తాటి మీదికి తెచ్చి, పోలీసు రేంజిల వారానికి ఒక్క రోజు స్కూల్ పిల్లలకు పాయింట్ టూటూ కాల్చనిస్తె కొత్త బిల్డింగులు సుత అక్కర్లేదు. కానిస్టేబుల్, పిల్లగాడు ఒక్క రేంజిల పండుకొని కాలిస్తె, రేపు ఎదురెదురు నిలవడ్డప్పుడు ఒకని మొఖం ఇంకొకనికి ఎరుక ఉంటది.

ఇది కొంచెం అమాయకంగ వినపడుతదని తెలుసు. మా దోస్తు సుత నవ్విండు. "పొద్దంత గురి చూసినోడు పొద్దుమూకి గుంపు మీద కాల్చడా?" అన్నడు. కాలుస్తడు, హుకుం వస్తె. కానీ నేర్వనోడు కాల్చేదానికి, నేర్చినోడు కాల్చేదానికి తేడా ఉన్నది. గ్రూపింగ్ కుదరనోని తూట ఎటు పోతదో వానికే తెల్వది. మోకాళ్ల కిందికి కొట్టమంటె గుండెల తగుల్తది. భయపడ్డ చేయి గుంజుతది, పిండుతది, మొన మీదికి లేస్తది. మన కాల్పుల కథలల్ల ఎన్ని ప్రాణాలు పగతోని పోయినయో, ఎన్ని చేతకాని చేయితోని పోయినయో విడదీసి చూసిన రిపోర్టు ఒక్కటన్న జనం ముందటికి రావాలె.

జగదల్‌పూర్ లిస్టు కాడికి మళ్ల వస్త. ఆ 36 రైఫిళ్లకు ఒక్కోదానికి నంబరుంటది, ఏ ఫ్యాక్టరీల, ఏ ఏడు చేసిండ్రో ఇనుము మీద కొట్టి ఉంటది. 2008 ఫిబ్రవరిల ఒడిశా నయాగఢ్‌ల ఒక్క రాత్రి వెయ్యికి పైగ ఆయుధాలు ఎత్తుకపోయిండ్రు. అట్లాంటియి ఎన్ని రాత్రుల కథ ఆ నంబర్లల్ల ఉన్నదో. వాటిని కరిగించి కడ్డీలు చేస్తె కథ సుత కరుగుతది. కొన్నిటికి గొట్టం మూసి, నంబరు కనపడేటట్టు జోడేఘాట్ మ్యూజియంల పెట్టండ్రి. ఇంద్రవెల్లి స్మృతివనంల ఒకటి పెట్టండ్రి. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల సోపతిగాళ్లు ఒరిగిన మహ్మదాపూర్ గుట్టల కాడ ఒకటి పెట్టండ్రి, అది మాకు హుస్నాబాద్ దిక్కు పోతె దగ్గరనే. ఎనుక పట్టీ మీద రెండు వేల అంకె పిల్లలకు కనపడేటట్టు, లేపి పెట్టండ్రి.

ఈ వారం సమాచార హక్కు కింద మూడు అర్జీలు పెడుతాన్న. ఒకటి, రాష్ట్ర పోలీసుల కాడ ఇంక ఎన్ని త్రీనాట్‌త్రీలు, మస్కెట్లు ఉన్నయి, ఏ పనికి వాడుతాండ్రు. రెండు, ఒక్కో కానిస్టేబుల్ ఏడాదికి ఎన్ని తూటలు కాల్చి ప్రాక్టీసు చేస్తాండు, గుంపు ముందట నిలవెట్టే ముందట ఏం నేర్పుతాండ్రు. మూడు, కరీంనగర్, ఆదిలాబాద్ స్పోర్ట్స్ స్కూళ్లల్ల రైఫిల్ షూటింగుకు ఎన్ని గంటలు, ఎందరు పిల్లలు, అండ్ల ఆడపిల్లలు ఎందరు. అర్జీకి పది రూపాయలు, మొత్తం ముప్పై. ముప్పై రోజుల్ల జవాబియ్యాలని చట్టం. వచ్చినా, రాకపోయినా గిక్కడనే రాస్త.